పేరు రాయనన్న సారు

గోదావరిఖనిలో రఘుపతికి రెండు కొలువులని జనం నవ్వేవారు. పగలు బొగ్గుబావిలో సంక్షేమాధికారి, డ్యూటీ దిగాక పీహెచ్‌డీ విద్యార్థి. పరిశోధన కూడా తన కొలువు మీదే: కార్మికులు నాగాలెందుకు పెడతారు? హాజరు రాసే మస్టర్‌లో పేరు పడకపోతే ఆ రోజు నాగా. నాగాలు పెరిగితే విచారణ, ఆపైన డిస్మిస్. ఆ విచారణకు కూర్చునేవాళ్లలో రఘుపతీ ఒకడు.

"ఆఫీసరుగా అడిగితే జ్వరమంటారు. విద్యార్థిగా వెళ్లు" అన్నాడు యూనివర్సిటీలో గైడు. చదువు పిచ్చి పట్టినవాడికి ఆ మాటే వేదం. స్కూటరు వీధి మొదట్లోనే ఆపి, కార్మికుల క్వార్టర్లలో చాప మీద కూర్చునేవాడు. మంచివాడే, కాదనను. ఆ మంచితనమే ఒకడి కొంప ముంచింది.

వాడు మొగిలి. బావిలో కప్పు కూలకుండా కర్రదిమ్మలు నిలబెట్టే పని. రెండు వేల ఏడులో కప్పు కూలి, జోడీగాడు ఎల్లన్న అతని కళ్లముందే పోయాడు. ఆ తర్వాత మొగిలి సద్దిగిన్నె పట్టుకుని బయల్దేరేవాడు గానీ బావి దాకా వెళ్లలేకపోయేవాడు. గోదారి ఒడ్డున కూర్చుని, షిఫ్టు విడిచే వేళకు ఇల్లు చేరేవాడు. సంగతి భార్య పూలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

"బావి మొకం చూస్తే కాళ్లు కదులుతలేవు సారూ. భయమైతాంది. పదిమందిల ఎట్ల చెప్పుకోవాలె?" అన్నాడు మొగిలి.

రఘుపతి రాసుకుంటూనే, "ఫికర్ చెయ్యకు తమ్మీ, నీ పేరు రాయ" అన్నాడు.

మొగిలి గాభరాగా ముందుకు జరిగాడు. "పేరు రాయకుంటే ఎట్ల సారూ? గట్లయితే నాగానే గద!"

రఘుపతి నవ్వి, నీ సంగతి ఎవరికీ చెప్పనని అర్థమని వివరించాడు. మొగిలి తలూపాడు. ఎంత అర్థమైందో ఏమో. మా దగ్గర సారు రాసుకున్నాడంటే పని జరిగినట్టే. తన పెనిమిటికి బావిపైన డ్యూటీ ఇప్పిస్తారని పూలమ్మ వాడంతా చెప్పుకుంది.

విచారణలో నాగాలెందుకని అడిగారు. మొగిలి రఘుపతిని చూపించి, "సారుకు చెప్పిన. రాసుకున్నడు" అన్నాడు.

"ఏం చెప్పాడయ్యా?" అని మేనేజరు రఘుపతి వైపు తిరిగాడు.

నోరు విప్పితే మొగిలికి పైన డ్యూటీ దొరికేదేమో. కానీ విద్యార్థిగా ఇచ్చిన మాట పోతుంది, రేపటినుంచి ఏ ఇంట్లోనూ ఎవరూ నిజం చెప్పరు. "అది వేరే సార్, పరిశోధన కోసం" అని తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మాట పుచ్చుకున్నవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చెప్పమంటావా అని ఒక్క మాట అడిగితే ఏం పోయింది? అడగలేదు. మొగిలి చివరికి జ్వరమనే చెప్పాడు. కొలువూ పోయింది, క్వార్టరూ పోయింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన ఏడాదే రఘుపతికి డాక్టరేటూ వచ్చింది. మెడలో దండలు పడ్డా మనసు కుదురుకోలేదు. తన పరిశోధన పుస్తకం పట్టుకుని నస్పూర్ వెళ్లాడు. మొగిలి అక్కడ బస్తాలు మోస్తూ రేకుల గదిలో ఉంటున్నాడు.

అంతా ఇంగ్లీషు. మొగిలి కాగితాలు తిప్పితిప్పి, "నా పేరు ఏడున్నది సారూ?" అన్నాడు.

"ఇదిగో, పదిహేడో కార్మికుడు. అది నువ్వే."

మొగిలి ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"దీంట్ల గూడ నాగానేనా సారూ?"