తాంబూలంలో సెర్చ్ కాగితం

మా పెద్దత్త పోయింది. మా నాన్నకు అక్క. సుంగై సిపుట్ ఊరి నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ ఎల్లిపోయింది, నిద్దర్లోనే" అన్నాడు. 

అత్త చాలా ఏళ్ళు ఒక లాయర్ ఆఫీసులో క్లర్కుగా చేసింది. ఎవరు ఇల్లు కొన్నా, అమ్మినా లేండ్ ఆఫీసుకు వెళ్ళి సెర్చ్ తీయించడం ఆవిడ పని. ఆస్తి ఎవరి పేరున ఉంది, బ్యాంకులో తాకట్టులో ఉందా, ఎవరైనా అభ్యంతరం పెట్టారా అన్నది అక్కడి రికార్డు చూసి చెబుతుంది. పంజాబీ సూటు వేసుకుని, హెల్మెట్ కింద మల్లెపూలు నలగకుండా సర్దుకుని మోటారుసైకిల్ మీద బయల్దేరేది.

ఆ పనిని ఆఫీసులోనే వదిలి వచ్చే మనిషి కాదు. పెళ్ళిభోజనాల్లో కూడా ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే చాలు, "సెర్చ్ తీసినారేటి?" అనేది. పెళ్ళికొడుక్కి కూడా తీయిస్తావా అని మేం ఏడిపించేవాళ్ళం. "తీసుంటే మీ మావయ్యకి పెళ్ళే అయ్యీది కాదు లా" అని, మాట చివర ఇక్కడి మలయ్‌వాళ్ళ 'లా' తగిలించి పకపకా నవ్వేది.

మావాళ్ళలో ఇల్లు కొనేటప్పుడు మంచిరోజు చూసి తాంబూలంలో అడ్వాన్సు పెట్టి ఇస్తారు. అమ్మేది అయినవాళ్ళయితే ఇక సెర్చ్ మాటే ఎత్తరు. ఎత్తితే అనుమానించినట్టే. నాన్న తన పినతండ్రి కొడుకు, అంటే మా చిన్నాన్న దగ్గర ఇల్లు కొనబోయినప్పుడూ అంతే. తన జీవితకాలం కష్టమంతా ఆ పళ్ళెంలోకి పోతోంది, అయినా నోరు పెగల్లేదు. అత్త నాన్నతో ఒక్క మాట అనలేదు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా చిన్నాన్న ఇంటికి వెళ్ళింది.

"నామీద అనుమానమేటప్పా?" అని చిన్నాన్న ముఖం మాడ్చుకున్నాడు.

"అనుమానముంటే ఆడే అడుగుతాడురా. నీ ఇంటి సెర్చ్ నువ్వే తీయించి తాంబూలంలో ఎట్టు. ఆడు అడగనక్కర్లేదు, నువ్వు సిన్నబుచ్చుకోనక్కర్లేదు."

తీయించాడు. తీరా చూస్తే ఇల్లు ఇంకా వాళ్ళ నాన్న పేరునే ఉంది. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. ఏటేటా పన్ను కడుతున్నాడు కాబట్టి తనదే అయిపోయిందనుకున్నాడు చిన్నాన్న. అత్త దెప్పలేదు. వెంటపడి పేరు మార్పించి, ఆ తర్వాతే మంచిరోజు పెట్టించింది. నాన్నా చిన్నాన్నా చివరిదాకా ఒక్క కంచంలో తిన్నట్టు ఉన్నారు. అప్పట్నుంచి మా చుట్టాల్లో అమ్మేవాళ్ళే తమలపాకుల పక్కన సెర్చ్ కాగితం పెట్టడం ఆచారమైంది. గుళ్ళు కట్టించిన పెద్దమనుషులను చూశాను గానీ, నా లెక్కలో అత్తే గొప్పది.

నిరుడు ఆవిడ ఇల్లు నేను కొనుక్కుంటానన్నాను. "కొనుక్కో. నా కరేపాకు సెట్టు మాత్రం కొట్టీకు" అంది. ఆ మాట నమ్ముకుని మేముంటున్న ఫ్లాటు అమ్మేశాం. ఇంతలో అత్త పోయింది. పెద్దకర్మ నాడు బంతిలో కూర్చున్నాక నాకు భయం పట్టుకుంది. ఇల్లు ఆవిడ పేరునే ఉండిపోతే ఇక కోర్టుల చుట్టూ తిరగాలి, ఎప్పటికి తేలుతుందో తెలియదు. తల్లిని పోగొట్టుకున్న మనిషిని ఇల్లు ఎవరి పేరున ఉందని ఏ నోటితో అడగను? అడగలేదు.

కొన్నాళ్ళకు బావే మా ఇంటికి వచ్చాడు. చేతిలో తాంబూలం పళ్ళెం. తమలపాకుల పక్కన మడత పెట్టిన కాగితం.

"అమ్మ ముందే సెప్పింది. అది మొగమాటస్తురాలు, నోరిప్పి అడగలేదు, నువ్వే తీయించి ఇచ్చీమని."

విప్పి చూశాను. యజమాని అన్నచోట బావ పేరుంది.

"ఒంట్లో బాగోలేదని తెలిసిన్నాడే మార్పించీసింది" అన్నాడు.

నా భయం తీరిపోయింది. అయినా కాగితం కింద పెట్టబుద్ధి కాలేదు. పైనుంచి కిందిదాకా మళ్ళీ మళ్ళీ వెతికాను. అత్త పేరు ఎక్కడా లేదు.