పెట్టెలో కలరా ఉండలు

రేపు మా అమ్మాయికి సైన్స్ పరీక్ష. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పదార్థం స్థితులు అప్పజెప్పించుకుంటూ కూర్చున్నాను. ఘనం, ద్రవం, వాయువు సాఫీగానే వచ్చాయి. కరగకుండా నేరుగా గాలిలో కలిసిపోయేదానికి ఒక ఉదాహరణ చెప్పమంటే, కలరా ఉండ అంది. చూపిద్దామని, యానాం నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేటప్పుడు సర్దిన పెట్టె ఇవాళే మొదటిసారి తెరిచాను. అందులో ఉన్నవి వాళ్ళమ్మ చీరలు. ఆమె పోయాక, పురుగు పట్టకూడదని నేనే గుప్పెడు ఉండలు వేసి మూత పెట్టాను.

ఇప్పుడు ఒక్కటీ లేదు.

"అణువులు ఎక్కడికీ పోవన్నావుగా నాన్నా. మరి ఇవెక్కడికెళ్ళిపోయాయి?" అంది.

మేం అద్దెకుంటున్న సారం పేటలో మా ఇంటి ఓనరమ్మ, ఈ తమిళ ఊళ్ళో తరతరాలుగా ఉన్న తెలుగావిడ. అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "యాడికి పోతాది పాపా, ఆ చీరల్లోనే ఉండాది. వాసన వీధి దాకా వస్తా ఉంటే" అంది.

పై చీర తీసి మొహానికి ఆనించుకున్నాను. కలరా ఉండల వాసనే, ఆమెది కాదు. కింది చీరా అంతే. అడుగున ఉన్నదీ అంతే. అమ్మాయి కూడా ఒకటి వాసన చూసి, మెల్లగా మడతపెట్టి, తర్వాతి ప్రశ్న అడగమంది.

ఒక్క చీరకీ చిల్లు పడలేదు. అంత జాగ్రత్తగా దాచాను. మీరైతే ఎలా దాచేవాళ్ళు?