రెండు బారల దూరంలో లకుముకి

కెమెరా లెన్సులు అద్దెకిచ్చే ఆ షాపులో మెట్లెక్కగానే ఎదురుగోడకు యజమాని తగిలించిన పెద్ద ఫోటో ఒకటి ఉంటుంది. తెల్లమొహం గుడ్లగూబ రెక్కలు విప్పి, గోళ్ళు చాచి, చూసేవాళ్ళ మీదికి దూకుతున్నట్టుంటుంది. వచ్చినవాళ్ళంతా "అబ్బ, ఏం రౌద్రం!" అంటారు. కౌంటరు వెనక నిలబడ్డ ఆవిడ తన పని తాను చూసుకుంటుంది. అది రౌద్రం కాదు, ప్రాణభయమని ఆమెకు తెలుసు. బహుమతి వచ్చిన ఆ ఫోటో తీసింది ఆమె తోడబుట్టిన అక్కే.

ఆవిడని ఇంట్లోనూ షాపులోనూ అందరూ పొట్టి అనే పిలుస్తారు. పొద్దున్నే అలమరాలు తెరిచి, ఒక్కో లెన్సునూ దీపానికెదురుగా పట్టి, లోపల బూజు పట్టిందేమో చూసుకుని, మెత్తటి గుడ్డతో తుడవడంతో ఆమె రోజు మొదలవుతుంది. అద్దెకొచ్చినవాళ్ళు అన్నిటికన్నా పొడవైన లెన్సు కావాలంటే వెంటనే ఇవ్వదు. ఏ ప్రాణిని తీస్తారు, అదెంత దూరంలో ఉంటుంది, వెలుతురెంత అని అడుగుతుంది. "సీతాకోకచిలకకి ఫిరంగి ఎందుకండీ?" అని నవ్వించి, సరైనది చేతిలో పెడుతుంది. అక్క కూడా ఏ అడవికి వెళ్ళినా చెల్లెలు సర్దిన సంచీ భుజాన వేసుకునే వెళ్ళేది. లెన్సుల గొడవ అక్కకి పట్టదు. మీట నొక్కడం, పేరు తెచ్చుకోవడం, అంతే.

ఆ గుడ్లగూబల్ని ముందు చూసింది పొట్టే. మూతపడ్డ నూలు మిల్లు అటక మీద ఒక జంట గుడ్లు పెట్టింది. ఆమె సెలవురోజుల్లో వెళ్ళి దూరంగా ఓ మూల కూర్చునేది. చీకటి చోటు కాబట్టి పొడవుకన్నా ఎక్కువ వెలుతురు పట్టే లెన్సు కావాలని లెక్క వేసుకుంది. అయినా పిల్లలయ్యేదాకా ఒక్క ఫోటో కూడా తియ్యకూడదనుకుంది. ఆ సంతోషం పట్టలేక ఒక్క అక్కకే చెప్పింది. అక్క మర్నాడే నలుగురు స్నేహితుల్ని, రెండు ఫ్లాష్ దీపాల్ని వెంటేసుకుని అటకెక్కింది. గోడ మీది ఫోటో అప్పుడు తీసిందే.

"గుడ్ల మీదున్న పక్షి మొహాన ఫ్లాష్ కొడతారా అక్కా?"

"ఒక్క ఫోటోకే చచ్చిపోతాయా ఏంటి? నువ్వు మరీ చేస్తావే పొట్టీ!"

ఆ జంట మళ్ళీ రాలేదు. పొట్టి వెళ్ళి గుడ్లు ముట్టుకుని చూసింది. రాళ్ళలా చల్లబడి ఉన్నాయి. ఆ సంగతి అక్కతో ఎన్నడూ ఎత్తలేదు. ఎప్పటిలాగే నవ్వింది, సంచులు సర్దింది. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. అయితే ఆ కత్తెర ఏ పక్షి రెక్కకూ తగలకూడదు, అక్కకే తగలాలి. అందుకే ఏళ్ళ తరబడి కాచుకుంది.

ఒకరోజు అక్క ఉత్సాహంగా షాపుకొచ్చింది. ఒక పత్రిక ముఖచిత్రానికి లకుముకి పిట్ట కావాలట. ఏటిగట్టున దాని గూడుంది. అటవీ శాఖ కాపలాదారు గుడ్డతో చిన్న గుడారం కట్టి ఉంచాడు. ఒక్క పూటే అనుమతి.

"గుడారం ఇంచు కూడా జరపనివ్వడట. పిట్ట వాలే కొమ్మ రెండు బారల దూరంలోనే ఉందే. ఏది తీసుకెళ్ళమంటావు?"

అంత దగ్గరికి చిన్న జూమ్ లెన్సు చాలు. అక్క చెయ్యి దాని మీదికే పోయింది కూడా. పొట్టి చప్పున ఆ చెయ్యి ఆపింది.

"ముఖచిత్రానికి అది ఆనదక్కా. ఇది తీసుకెళ్ళు" అని షాపులోకెల్లా పెద్ద లెన్సు దించింది. దూరంగా ఉన్నదాన్ని గోరంత కూడా వదలదది. కానీ రెండున్నర బారల లోపల ఏదున్నా దానికి మసకే. వెనక ఒక గొట్టం ముక్క బిగిస్తే దగ్గరిది కూడా కనబడుతుంది. షాపులో దాన్ని ఉంగరం అంటారు. అదెప్పుడూ సంచీ జేబులోనే ఉంటుంది. పొట్టి దాన్ని తీసి సొరుగులో వేసి, తాళం తిప్పింది.

"అన్నీ ఉన్నట్టేనా?"

"అన్నీ ఉన్నాయక్కా. హాయిగా వెళ్ళిరా."

నాలుగు రోజులకి అక్క షాపుకి తిరిగొచ్చినప్పుడు మొహం పీక్కుపోయి ఉంది. కార్డులో ఉన్నవన్నీ నీలం మరకలే. పిట్ట వచ్చిందట, చేప పట్టిందట, కొమ్మకేసి కొట్టిందట. దేనికీ ఆకారం లేదు.

"నా కళ్ళు పోయాయే పొట్టీ. ఎంత తిప్పినా కుదరలేదు. పత్రికవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశారు. డాక్టరేమో కళ్ళు బాగానే ఉన్నాయంటున్నాడు. ఇంక కెమెరా ముట్టను."

పొట్టి కడుపు చల్లబడింది. ఆ ఏడుపు ఆమెకు తేనెలా ఉంది. అయితే ఒక వెలితి. దెబ్బ ఎవరు కొట్టారో తెలియకపోతే అది పగ తీరడమెలా అవుతుంది? సొరుగు తాళం తీసి, ఉంగరం కౌంటరు మీద పెట్టింది.

"నీ కళ్ళకేం కాలేదక్కా. ఇది లేకుండా ఆ లెన్సుకి దగ్గరిది కనబడదు. కావాలనే తీసేశాను."

అక్క ఆ గొట్టం ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"నీకేం అన్యాయం చేశానే?"

పొట్టి గోడ మీది ఫోటోకేసి వేలు చూపించింది. అక్క చూసి, అర్థంకాక మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది.

"అది నా ఫోటో. అయితే?"

"గుడ్లు చల్లబడ్డాయి."

"ఏ గుడ్లు?"

ఆ మాటతో పొట్టిలో మిగిలిన కాస్త జాలి కూడా ఇంకిపోయింది. ఇన్నేళ్ళూ తాను మోసిన బరువు అక్కకి గుర్తైనా లేదు! కూర్చోబెట్టి, గింజ గింజా ఏరినట్టు మొత్తం చెప్పింది. అక్క సంచీ అక్కడే వదిలేసి, రెండేసి మెట్లు దిగిపోయింది.

మర్నాడు తల్లి ఫోన్ చేసి కేకలేసింది. "ఏదో ఉంగరం దాచేశావటగా! బంగారం కోసం తోడబుట్టినదాన్ని ఏడిపిస్తావా?" అది బంగారం కాదని నచ్చజెప్పేసరికి పొట్టికి తలప్రాణం తోకకొచ్చింది.

అక్క మళ్ళీ కెమెరా పట్టింది. లెన్సులు వేరే షాపులో తీసుకుంటోంది. ఇద్దరూ ఏదైనా చెప్పుకోవాలంటే తల్లి ద్వారానే. పశ్చాత్తాపపడుతున్నావా అని షాపు యజమాని ఒకసారి అడిగితే పొట్టి లేదంది. గుడారంలో కెమెరా తెర మీద నీలం మరక చూసుకున్నప్పుడు అక్క మొహం ఎలా ఉందో చూడలేకపోయానన్నదొక్కటే తన బాధంది. అని, చేతిలో ఉన్న లెన్సు మీద దుమ్ము ఊదుకుంది.