సముద్రం నుంచి మూడో వీధి

ఢిల్లీలో వానలు మొదలయ్యాయంటే బేర్ సరాయ్‌లోని నా గది గోడ చెమర్చి, సున్నం పొక్కి, పెచ్చుల కింద నుంచి తెల్లగా ఉప్పు పైకి తేలుతుంది. "సీలన్ హై భయ్యా, ధూప్ నికలేగీ తో ఠీక్ హో జాయేగా" అని, చెమ్మే కదా, ఎండ కాస్తే సర్దుకుంటుందని ఇంటి ఓనరు ఏటా అదే మాట చెప్పి మెట్లు దిగిపోతాడు. సివిల్స్ రాసే అవకాశాలన్నీ అయిపోయి, అదే సందులో ఆ పరీక్షలు రాసే పిల్లలకు భూగోళం పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయిన నాకు, ఆ తడి ఉప్పు వాసన తగిలితే చాలు, ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. మా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఇదే వాసన వేసేది.

మా ఊరు పాతరేవు. ఉత్తరాంధ్ర తీరంలో, చిన్న ఏరొకటి సముద్రంలో కలిసేచోట, ఇటు ఏటికీ అటు ఇసుక దిబ్బలకీ మధ్య ఇరుక్కున్న ఊరు. దొరల కాలంలో అక్కడ ఓడలు ఆగేవనీ, ఉప్పు కొఠార్లు ఉండేవనీ పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు గానీ, నేను పుట్టేనాటికి ఆ వైభవానికి మిగిలింది ఒక ఇటుక గోడ మాత్రమే, దాని మీద ఆడవాళ్ళు వలలూ బట్టలూ ఆరేసుకునేవారు. వీధులకు పేర్లు లేవు. ఒడ్డు వెంబడి వరసగా ఉండేవి కాబట్టి సముద్రం వైపు నుంచి మొదటిది, రెండోది, మూడోది అని లెక్క. మాది మూడో వీధి.

అమ్మా నాన్నా గుజరాత్ రేవుల్లో బోట్ల పనికి పోయేవాళ్ళు, నేను మా నాన్న తల్లి దగ్గర, మామ్మ దగ్గర పెరిగాను. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, నెత్తి మీద చేపల తట్టతో మెట్ట ఊళ్ళు తిరిగి, మధ్యాహ్నానికి కొంగులో నాకోసం తాటి తేగలో జామకాయలో మూటగట్టుకొచ్చేది. ఎండాకాలమంతా ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపలకు కాకుల నుంచి కాపలా మా పిల్లల వంతు, అది విసుగెత్తితే తడి ఇసుకలో చెడుగుడు, ఓడిపోయినవాడు పీత బొరియలో వేలు పెట్టాలి. గంగమ్మ పండక్కి బూరెలు, పరమాన్నం, చింతకాయ వేసిన చేపల పులుసు, అన్నీ ముందు సముద్రానికి పెట్టాకే మాకు. చీర, పసుపు, కుంకుమ కూడా ఇచ్చేవాళ్ళం. ఆ తల్లికి అవి చాల్లేదు.

మొదటి వీధి నేను రెండో తరగతిలో ఉండగా సముద్రంలోకి పోయింది, రెండోది ఆరో తరగతికి వచ్చేసరికి. దక్షిణాన ఎక్కడో పెద్ద ఓడల కోసం సముద్రంలోకి రాళ్ళ గోడ కట్టారు. మా ఒడ్డుకు రావలసిన ఇసుక అక్కడే ఆగిపోయింది, మా ఒడ్డు కరిగిపోయింది. ఇప్పుడిది నేను పిల్లలకు పది మార్కుల జవాబుగా నేర్పుతున్నాను, వాళ్ళు బుద్ధిగా రాసుకుంటున్నారు.

రెండు వీధులు పోయినా మాది మూడో వీధే. మా వాళ్ళెవరూ లెక్క మార్చలేదు. పోయిన వీధిని లెక్కలోంచి తీసేస్తే అక్కడ పుట్టి, పెళ్ళాడి, చచ్చిపోయినవాళ్ళను కూడా తీసేసినట్టేనని వాళ్ళ నమ్మకం. అల మా గడపను తడుపుతున్నా, చుట్టాలు వచ్చి అడిగితే మూడో వీధనే చెప్పేవాళ్ళం.

అప్పుడే మండలాఫీసు వాళ్ళు దరఖాస్తు కాయితాలు పంచారు. ముప్పు ఎక్కువున్నవాళ్ళకు దిబ్బల అవతల ఇళ్ళ స్థలాలు ఇస్తారట. వీధి మొత్తంలో తప్పుల్లేకుండా రాయగలిగినవాణ్ణి నేనే కాబట్టి, అందరి కాయితాలూ మా అరుగు మీదికే వచ్చాయి. పేర్లు రాశాను, మనుషుల లెక్క రాశాను. కింద ఒక ప్రశ్న ఉంది, మీ ఇల్లు సముద్రం నుంచి ఎన్నో వీధిలో ఉంది అని. తలెత్తి చూశాను. మా అరుగుకూ సముద్రానికీ మధ్య ఒక పడవ, రెండు కుక్కలు తప్ప ఏమీ లేవు. చేయి ఆగింది.

"ఆగినావేటిరా? రాసీ. మనది మూడోది కాదేటి?" అంది మామ్మ.

ఒకటి అని రాయాలని నాకు తెలుసు. పదకొండేళ్ళ వాడికి ఆ మాత్రం తెలియదా? కానీ ఆ అంకె వేస్తే రెండు వీధుల్నీ నేనే ముంచినట్టు అనిపించింది. మూడు అని రాశాను, వీధిలో అందరికీ, అందమైన అక్షరాలతో.

జాబితాలో మా వీధి లేదు. నాలుగో వీధి వాళ్ళు పలుకుబడి ఉన్న ఎవరో పెద్దమనిషి చేత ఒకటి, రెండు అని రాయించుకుని స్థలాలు తెచ్చుకున్నారు. మా వాళ్ళు మండలాఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా పాత పటం పరిచి చూపించాడు. "మీకు ముందు రెండు వీధులున్నాయి కదయ్యా. మీరే రాసిచ్చారు." ఒకసారి వచ్చి చూడమని మామ్మ బతిమాలింది. వచ్చే వారం వస్తానన్నాడు, రాలేదు. ఆ ఏడాది తుఫానుకు మా వీధి పోయింది. ఇల్లు కూలడం నేను చూడలేదు, తెల్లారి తుఫాను షెల్టరు నుంచి వెళ్ళేసరికి దూలం ఒకటి నీళ్ళలో తేలుతూ ఉంది.

ఆ తర్వాత మామ్మ బతికినన్నాళ్ళూ తుఫాను షెల్టరులోనే, చీర కట్టి మరుగు చేసుకున్న ఓ మూల బతికింది. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా ఈదోళ్ళ కాయితాలన్నీ ఈడే రాసినాడమ్మా. ఒక్క కొట్టేత నేదు" అని మురిసిపోయేది. నేను తల వంచుకునేవాణ్ణి. సిగ్గరి అనుకునేవాళ్ళు. ఒకటి అని రాయాలని తెలిసే మూడు వేశానన్న నిజం ఆమె పోయేదాకా చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఊళ్ళో ఆరో వీధి గడప దాకా నీళ్ళొచ్చాయట. చెడుగుడు ఆడిన ఇసుక లేదు, చేపలు ఆరబోసే దిబ్బ లేదు, మూడో వీధి వాళ్ళు తలో రేవుకు చెదిరిపోయారు, ఒప్పుకుందామన్నా వినేవాళ్ళెవరూ దొరకరు. నా చేతిరాత బాగుంటుందని బేర్ సరాయ్‌లో పేరు. తీరం కోత మీద నేను రాసిన నోట్సును పిల్లలు జిరాక్స్ తీయించుకుంటారు, ఒక్క కొట్టివేత కూడా లేదు సార్ అని మెచ్చుకుంటారు.