ఖాళీ చెట్టు ముందు టిష్యూ పొట్లాలు

గెక్ హూన్ ఆంటీ నడకకు బయల్దేరిందంటే నడిచేది తక్కువ, తగువు పెట్టుకునేది ఎక్కువ. కాలవ గట్టున ఎండ కాగుతున్న ఉడుమును దారికి అడ్డంగా పడుకున్నావేమని నిలదీస్తుంది. చేపను సగం తిని వదిలేసిన నీటికుక్కలకు తిండి విలువ గురించి పాఠం చెబుతుంది. ముప్ఫై ఏళ్లు బడి క్యాంటీన్‌లో చేప ఉండల నూడుల్స్ అమ్మిన నోరు మరి. సింగపూర్‌లో మా పాత బ్లాకులో ఆవిడది నా పక్క ఫ్లాటు. రోజూ పొద్దున్నే నన్ను లాక్కుని వెనక పార్కుకు వెళ్లేది.

ఆ పార్కులో నిద్రగన్నేరు చెట్టు తొర్రలోకి హార్న్‌బిల్ పక్షి దూరడం మొదట చూసింది ఆంటీయే. ఆడపక్షి గుడ్లు పొదగడానికి లోపల కూర్చుని వాకిలి మట్టితో మూసేసుకుంది. ముక్కు పట్టేంత సందులోంచి మగపక్షి పళ్లు అందిస్తుంటే, "మా ఆయన ఒక్క అరటిపండైనా తెచ్చివ్వలేదు," అని ఆంటీ రోజూ ఒకసారి ఆయన్ని తలుచుకునేది.

అంతటితో ఊరుకుందా? లిఫ్టులో అందరికీ చెప్పింది. మర్నాటికల్లా బారెడేసి కెమెరాలతో అంకుల్స్ దిగిపోయారు. వాళ్లకు పెద్ద రిటైరైన ఇన్సూరెన్సాయన, బూన్ తియోంగ్ అంకుల్. తెల్లారకముందే ముందు వరసంతా టిష్యూ పొట్లాలు పెట్టేసేవారు. మా ఊళ్లో టిష్యూ పొట్లం పెట్టారంటే ఆ చోటు వాళ్లదే. ఎవరిదని అడగం, తీసి పక్కన పెట్టం.

"ఆంటీ, కాస్త జరగండి. మీ టోపీ ఫొటోలో పడుతోంది."

"నా టోపీకేం? మీ బట్టతల కన్నా నయమే," అనేది గానీ జరిగేది. వెనక నుంచి ఆవిడకు కనిపించేవి వీపులే.

ఇంతలో మా బ్లాకు కూల్చేస్తున్నారని అందర్నీ ఖాళీ చెయ్యమన్నారు. ఆంటీకి ఎక్కడో పుంగోల్‌లో కొత్త ఫ్లాటు వచ్చింది.

"అక్కడ లిఫ్టు గుమ్మం ఎదురుగానే ఉందట కదా, సుఖం," అన్నాను.

"రోజంతా లిఫ్టును చూస్తూ కూర్చోనా? తొర్రలోంచి ఆ పక్షిపిల్ల బయటికి రావడం నా కళ్లతో చూడాలమ్మాయ్. చూశాక పుంగోల్ ఏంటి, ఎక్కడికైనా పోతా."

సామాను లారీ ఎక్కే ముందు రోజు వచ్చేసింది. పిల్ల ఇంకా తొర్రలోనే ఉంది. ఆ రోజు చీకటితోనే ఆంటీ నన్ను లేపింది. చేతిలో సంచీ నిండా టిష్యూ పొట్లాలు. దారికి అవతల ఏ పిట్టా లేని మహాగని చెట్టు కింద వాటిని వరసగా పేర్చి, చివర తన గొడుగు పెట్టింది.

"పాపం కదా ఆంటీ?"

"ఏం పాపం? నోరు తెరిచి ఒక్క అబద్ధం ఆడానా? నా కాయితాలు, నా ఇష్టం."

బూన్ తియోంగ్ అంకుల్ రానే వచ్చాడు. పొట్లాలు చూసి గుండె బాదుకున్నాడు.

"చచ్చాం! పక్షి చెట్టు మారింది, మనకెవరూ చెప్పలేదు!"

గబగబా వాటి వెనక కెమెరా నిలబెట్టాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. పరుగుకొచ్చిన కుర్రాళ్లు కూడా జనాన్ని చూసి ఆగిపోయారు. ఏముందని ఎవరూ అడగలేదు. అందరూ కళ్లల్లో వత్తులేసుకుని ఖాళీ కొమ్మలకేసి చూస్తున్నారు. ఇవతల నిద్రగన్నేరు ముందు మేమిద్దరమే.

ఎండ వచ్చాక మట్టి పెళ్లలు రాలాయి. తల్లి బయటికొచ్చి పై కొమ్మ మీద వాలింది. చాలాసేపటికి పిల్ల తల బయటపెట్టింది, మళ్లీ లోపలికి లాక్కుంది.

"రావే బద్ధకపుదానా," అని ఆంటీ గొణుగుతూ నా చెయ్యి నలిపేస్తోంది. మెడ వచ్చింది, ఒక రెక్క వచ్చింది. ఇరుక్కుంది. ఆంటీ ఊపిరి బిగబట్టింది. పిల్ల ఒక్కసారిగా జారి, కిందపడబోయి, రెక్కలు కొట్టుకుంటూ లేచి, దారి దాటి వెళ్లి మహాగని కొమ్మ మీదే వాలింది!

కెమెరాలన్నీ టకటకలాడాయి. ఆంటీ మొహం మాడిపోయింది.

బూన్ తియోంగ్ అంకుల్ పరుగెత్తుకొచ్చాడు. "ఆ గొడుగు మీదే కదా ఆంటీ? ఇక్కడికే వస్తుందని మీకెలా తెలుసు?"

"తెలుస్తుంది," అంది ఆంటీ, రెప్పైనా వెయ్యకుండా.

"తొర్రలోంచి ఎలా వచ్చిందో ఒక్కడికీ దొరకలేదు. మీరు చూశారా?"

చూశారా అని అడిగితే చాలదూ? అంకుల్స్ చుట్టూ మూగారు. ఆంటీ మెడ సాచి, మోచేతులు ఆడించి, ఇరుక్కుని, జారి, అంతా చేసి చూపించింది. మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి ఆ పిల్ల బయటపడటానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

ఇంటికి వస్తుంటే ఆంటీ ఉన్నట్టుండి అంది, "చూశావా, పుట్టిన గూడు వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు దొంగపిల్ల."

మర్నాడు లారీ కదిలింది. ఆంటీ డ్రైవరు పక్కన కూర్చుని, కిటికీలోంచి సగం బయటికి వంగి మా బ్లాకునే చూస్తోంది. లోపలికి జరగమని డ్రైవరు కేకలేస్తున్నా మలుపు తిరిగేదాకా తల తిప్పలేదు. నేను నడవాలో నిలబడి ఏడ్చాను.