కలెక్టరుగారి పరీక్ష డ్యూటీ

మా హాస్టల్ వార్డెన్ సువార్తమ్మగారు కుక్కకి కొత్తల్లుడి మర్యాదలు చేసేవారు. నమ్మకం లేకపోతే 2004లో తాడేపల్లిగూడెంలో మాతో ఇంటర్ చదివిన ఏ పిల్లనైనా అడగండి. మమ్మల్ని "ఒసే", "ఏమే" అని తప్ప పిలవని మనిషి, ఆ గోధుమరంగు ఊరకుక్కని మాత్రం "మీరు", "తమరు" అనేవారు. అది వరండాలోకొస్తే లేచి నిలబడేవారు. దారికడ్డంగా పడుకుంటే పెరడంతా చుట్టి వెళ్ళేవారు. ఆవిడ గది గుమ్మంలో పడుకుందా, అది లేచేదాకా ఆవిడ గదిలోనే ఉండిపోయేవారు.

దాని పేరు కలెక్టరు. గణపవరం చేపల చెరువుల దగ్గర పుట్టింది. ఆవిడే ఎవరికో చెప్పి రప్పించారు. వచ్చిన రోజే ప్రతి గదిలోకీ దూరి, మంచాల కిందా పెట్టెల వెనకా వాసన చూసి తనిఖీ చేసింది గనక మేం ఆ పేరు పెట్టాం. ఆవిడ దానికి "గారు" తగిలించారు.

"ఒసే ఉషశ్రీ, మంచం దిగవే. కలెక్టరుగారు పడుకుంటారట!"

"చదువుకుంటున్నానండీ!" అన్నాను నేను.

"కింద కూర్చుని చదువుకో. వారిప్పుడు కింద పడుకోరు."

ఒకసారి ప్రిన్సిపాల్ పాపారావుగారు హాస్టల్ చూడ్డానికొచ్చారు. ఆవిడ ఆఫీసు గదిలో ఉన్నవే రెండు కుర్చీలు. ఒకదాంట్లో కలెక్టరు ముడుచుకుని నిద్రపోతోంది.

"ఏవండీ సువార్తమ్మగారూ, కుక్కేంటండీ కుర్చీలో? కాస్త దింపండి, కూర్చుంటాను."

"వారిప్పుడే పడుకున్నారండీ. తమరు నా కుర్చీలో కూర్చోండి."

"మరి మీరో?"

"నాకు నిలబడ్డమే సుఖమండీ," అంటూ ఆవిడ తలుపవతలికెళ్ళి నిలబడి, అక్కణ్ణించే లెక్కలన్నీ అప్పజెప్పారు. ప్రిన్సిపాల్‌గారు వెళుతూ వెళుతూ ఆవిడకి నాలుగు రోజులు సెలవిస్తే మంచిదని ఎవరితోనో అన్నారట.

ఫిబ్రవరి దాటేసరికి మాకు నవ్వే ఓపిక పోయింది. ఒకత్తి తిన్నది తిన్నట్టు కక్కేది. ఇంకొకత్తి నిద్రలో ఆర్గానిక్ కెమిస్ట్రీ కలవరించేది. ఇంటినించి ఫోనొస్తే చాలు, తలనెప్పని చెప్పి పడుకునేవాళ్ళం, అవతల్నించి "బాగా చదువుతున్నావా?" అన్న మాట తప్ప ఇంకో మాట రాదు కదా.

అందరిలోకీ అన్యాయం మా గదిలో ఉండే రూబీ పరిస్థితి. దెందులూరు పిల్ల. వాళ్ళ నాన్న యేసుదాసుగారు స్కూలు మేస్టారు. నిద్రలో లేపి అడిగినా పాఠం చెప్పగలదు. కానీ ఫస్టియర్‌లో ఫిజిక్స్ పేపరు చేతిలో పడగానే బుర్రంతా ఖాళీ అయిపోయి, మూడు గంటలూ పెన్ను పట్టుకుని కూర్చుని, తెల్లకాగితం ఇచ్చి వచ్చేసింది. "ఈసారీ అలాగే అయితే చదువు మానేసి ఇంటికెళ్ళిపోతానే. ఇంక నా వల్ల కాదు," అని నా చేతిలో చెయ్యేసి చెప్పింది. ఆ మాట విన్నప్పట్నించీ నేను నా పుస్తకం కన్నా దాని మొహమే ఎక్కువ చూసేదాన్ని.

ఆ రోజుల్లోనే కలెక్టరుకి డ్యూటీ ఎక్కువైంది. సాయంత్రం చదువు గంటలో సువార్తమ్మగారు వరండా ఆ చివర నిలబడి, బిస్కెట్టు మా గదిలోకి గురిచూసి విసిరేవారు.

"అయ్యా, ఈ గదిలో ఏడుపులు ఎక్కువగా ఉన్నాయండి. తమరొకసారి దయచేస్తారా?"

అది బిస్కెట్టు వెనకాలే దయచేసేది. తిని, మూతి నాక్కుని, ఏడుస్తున్న పిల్ల ఎవరో చూసుకుని ఒళ్ళో తల పెట్టేది. చెవులు నిమురుతూ నిమురుతూ ఆ పిల్ల ఏడుపు సంగతే మర్చిపోయేది. రూబీ అయితే దానికి పాఠాలు అప్పజెప్పేది. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా అది తోక ఒకేలా ఊపేది. ఆ గుణం మా ఫిజిక్స్ సారుకి లేదు.

ఫిజిక్స్ పరీక్ష పొద్దున రూబీ మంచం కింద దూరింది. కలెక్టరుని కావలించుకుని రానంటే రానంది. బయట బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. నేను రూబీ కాళ్ళు పట్టుకుని లాగుతున్నాను.

"రావే తల్లీ, టైమైపోతోందే!"

"నాకేమీ గుర్తు లేదే. న్యూటన్ పేరు కూడా గుర్తు లేదు."

"ఇప్పుడు చెప్పింది ఎవరి పేరే మరి!"

సువార్తమ్మగారు పరుగున వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఒసే రూబీ, ఏం చేస్తే వస్తావే?"

"కలెక్టరు కూడా వస్తే వస్తానండీ. రాసినంతసేపూ నాకు కనపడాలండీ."

"వారిని అక్కడ ఎవరు పట్టుకుంటారే?"

"మీరేనండీ. మీరంటే దానికి ఎంతో గౌరవం కదండీ."

ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత గొడుగు తీసుకుని, "పదండి," అన్నారు. మమ్మల్నో, కుక్కనో తెలియలేదు.

పరీక్ష హాల్లో రూబీ కిటికీ పక్కన, నేను దాని వెనక. ప్రశ్నపత్రాలిచ్చారు. రూబీ పెన్ను కదల్లేదు. నా పేపరు వదిలేసి నేను దాని మోచేతినే చూస్తున్నాను.

"ముందుకి చూడమ్మా," అన్నాడు ఇన్విజిలేటరు.

"ముందుకే చూస్తున్నానండీ."

మోచెయ్యి కదలదే! అయిపోయింది, మళ్ళీ తెల్లకాగితమే, రేపీపాటికి ఇది పెట్టె సర్దేస్తుంది అనుకున్నాను. అంతలో రూబీ కిటికీలోంచి చూసింది. నేనూ చూశాను. ఎదురుగా సైకిల్ స్టాండు అరుగు మీద, మార్చి ఎండలో సువార్తమ్మగారు. ఆవిడ ఒళ్ళో కలెక్టరు నిద్రపోతోంది. పెళ్ళికొడుక్కి పట్టినట్టు దానికి గొడుగు పట్టారు. ఆవిడ తల మాత్రం ఎండలోనే ఉంది.

రూబీ కాసేపు అటే చూసి ముక్కు తుడుచుకుంది. మోచెయ్యి కదిలింది. నేనప్పుడు ఊపిరి పీల్చుకుని నా పేపరు మొదలుపెట్టాను.

రాయడం ముగించి నేనే ముందు బయటికొచ్చాను.

"మేడంగారూ, ఎండలో కూర్చున్నారేంటండీ! నీడలోకి రండి."

"అరవకే! వారంతట వారే ఒళ్ళోకెక్కి పడుకున్నారు. లేస్తారు. లేస్తే కరుస్తారు."

దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఆవిడ చీరంతా చెమటకి తడిసిపోయింది. పెదాల మీద ప్రార్థన నడుస్తోంది.

"ఇది ఎవర్నీ కరవలేదు కదండీ?"

"వీరు కరవలేదు. పెంటపాడులో వేరొకరు కరిచారు."

"ఎవర్నండీ?"

"నన్నే! చిన్నప్పుడు. బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. అప్పట్నించీ కుక్కని చూస్తే నాకు పైప్రాణాలు పైనే పోతాయే."

ఓరి దేవుడా! మేం మర్యాదనుకుని ఇన్నాళ్ళూ పడీపడీ నవ్వింది ఈ భయాన్ని చూసా!

"మరి ఎందుకు తెప్పించారండీ?"

"నిరుడు మీ సీనియరు బిందు పరీక్షలప్పుడు అన్నం మానేసింది. తిట్టాను, బతిమాలాను, ప్రార్థన చేశాను. ప్రిన్సిపాల్‌గారొచ్చి ధైర్యం చెబితే ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఎక్కణ్ణించొచ్చిందో ఓ వీధికుక్క, వచ్చి ఒళ్ళో తల పెట్టిందే. అంతే, ఆ పిల్ల లేచి చెయ్యి కడుక్కుని అన్నం తింది. నా వల్ల కానిది కుక్క వల్ల అవుతుంటే, నా భయం ఎవరిక్కావాలే?" అని, ఒళ్ళోకి చూసి గొంతు తగ్గించి, "అదే... వీరి వల్ల," అన్నారు.

నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. కాళ్ళ మీద కలెక్టరుగారున్నారు.

గంట కొట్టారు. రూబీ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఎలా రాశావే?"

"అన్నీ రాశానండీ! అడిషనల్ షీట్లు కూడా తీసుకున్నానండీ!" అంటూ బావురుమని ఆవిడ మెడ చుట్టేసింది. మధ్యలో నలిగిన కలెక్టరు లేచి, ఇద్దరిలో దగ్గరగా ఉన్న మొహాన్ని ఆప్యాయంగా నాకింది. అది సువార్తమ్మగారి మొహం.

"ప్రభువా!" అని ఆవిడ పెట్టిన కేకకి సైకిల్ స్టాండులో జనమంతా ఇటు తిరిగారు. "ముందు వీరిని దింపండే! తర్వాత తీరిగ్గా ఏడవండి!"

దింపాం. ఆవిడ పమిటతో మొహం తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. తర్వాత రూబీ కేసి తిరిగారు.

"ఎల్లుండి కెమిస్ట్రీకీ ఆ కిటికీ పక్కనే కదే నీ సీటు?"

"అవునండీ."

ఆవిడ కుక్కకేసి ఒకసారి చూసి, చేతులు జోడించారు.

"అయ్యా, ఎల్లుండి కూడా తమరు దయచేయాలండి."