మాట ఉండగానే ఉయ్యూరికి

శుక్రవారం సాయంత్రం ఉయ్యూరు నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఆ కెమెరా తీసుకురా రూతూ. వీడియో తియ్యాలి, మాట ఉండగానే."

సోమవారం గుంటూరులో అన్నయ్యకి ఆపరేషన్. గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. వదినకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకి నాన్న గొంతు ఎలా ఉండేదో తెలియాలని అన్నయ్య ఆరాటం.

"మీట పట్టేసిందన్నయ్యా. ఫోటోలు తప్ప వీడియో పడట్లేదు."

"ముందు తీసుకురా. చూద్దాం."

పోయిన నెలలో నా సంచిలో చెరుకురసం పాకెట్టు పగిలి ఆ చిన్న కెమెరా తడిసింది. పైపైన తుడిచేశాను గానీ, ఫోటో నుంచి వీడియోకి మార్చే గుండ్రటి మీట అడుగున రసం ఎండి బంకలా అంటుకుపోయింది. షాపులో అడిగితే కంపెనీకి పంపాలి, నెల పడుతుందన్నారు. మాకు నెల లేదు. మా ఇళ్ళలో ఉన్నవి మాట్లాడుకోవడానికే పనికొచ్చే పాత ఫోన్లు, వాటిలో వీడియో పడదు.

శనివారం పొద్దున ఎనిమిది దాటాక మా పటమటలో, ఉయ్యూరు మీదుగా పోయే బందరు బస్సెక్కాను. సంచిలో కెమెరాతో పాటు స్పిరిట్ సీసా, దూది, పళ్ళు కుట్టుకునే పుల్లలు. కంకిపాడు దాటాక చెరుకు ట్రాక్టర్లు అడ్డం తగిలి బస్సు నత్తనడక పట్టింది.

"సీజన్లో ఇంతేనమ్మా," అన్నాడు పక్కసీటు పెద్దాయన. "పంచదార ఫ్యాక్టరీ దగ్గరైతే ఇంకా చూడాలి."

"మా అన్నయ్య అక్కడే చేస్తాడండీ. చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర."

"రైతుల పేర్లు పిలిచే జోసెఫా? ఆయన పిలిస్తే గేటు బయట టీ కొట్టుదాకా వినపడేదమ్మా! ఈ మధ్య వినపట్టం లేదే?"

సెలవులో ఉన్నాడని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

ఇంటికి చేరేసరికి అన్నయ్య గంజి తాగుతున్నాడు. ఒక్కో గుక్కకీ కళ్ళు మూసుకుంటున్నాడు. వదిన నడుం పట్టుకుని లేచి నాకు మంచినీళ్ళిచ్చింది. కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కెమెరా పెట్టాను.

ముందు బ్యాటరీ తీసేశాను. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిండేసి, మీట అంచు చుట్టూ తిప్పాను. నేరుగా పోస్తే లోపలికి దిగి మొత్తం పాడవుతుందని భయం. ఎంతసేపు తుడిచినా కదల్లేదు. అన్నయ్య నా చేతిలోంచి లాక్కుని బొటనవేలితో గట్టిగా నొక్కి తిప్పబోయాడు.

"విరిగిపోద్దన్నయ్యా!"

"విరగనీ! ఎల్లుండి తర్వాత ఇదెందుకు నాకు?"

అది అరుపే. బయటికి మాత్రం గాలిలా వచ్చింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పంచదార జిడ్డు నీళ్ళకే కరుగుద్ది కదా రూతూ."

ఈసారి తడి దూదితో అద్దాను. దూది కొనకి గోధుమరంగు అంటింది. అద్దడం, ఆగడం, మీటని అటూ ఇటూ కొద్దిగా ఆడించడం. చాలాసేపటికి అది టక్కుమని వీడియో గుర్తు దగ్గరికి తిరిగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తడి పోయేలా మళ్ళీ స్పిరిట్‌తో తుడిచి ఫ్యాను కింద పెట్టాం. వదిన పప్పుచారుతో నాకు అన్నం పెట్టింది. అన్నయ్య వాసన చూసి పక్కకి తిరిగాడు.

మూడు గంటలవుతుండగా బ్యాటరీ వేశాను. అన్నయ్య తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను వీడియో మొదలుపెట్టాను.

"అబ్బాయో అమ్మాయో తెలీదు. ఏమని పిలవను?"

"మీరనుకున్న పేర్లు రెండూ పిలవండి," అంది వదిన.

ఆయన కాటా దగ్గర నిలబడ్డట్టు ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"సామ్యేలూ!"

బొంగురుగానే అయినా గదంతా పలికింది. వదిన పొట్ట మీద చెయ్యేసుకుంది.

"హన్నా..."

సగంలోనే గొంతు చీలిపోయింది. దగ్గు మొదలైంది, ఎంతకీ ఆగలేదు. రుమాలు మీద ఎర్రగా కనపడింది.

"చాలు, ఆపేయ్ రూతూ," అంది వదిన ఏడుస్తూ.

దగ్గు తగ్గాక వినిపించమని సైగ చేశాడు. వినిపించాను. తల అడ్డంగా ఊపాడు.

"ఇది నా గొంతు కాదే."

ఇంకోసారి తీద్దామా అన్నాను. వద్దన్నాడు.

"అయినా ఉంచు. ఇదీ పోతే ఏముంటది?"

వెలుగుండగానే తిరుగు బస్సెక్కాను. ఎన్నోసార్లు తిరిగిన దారే, ఆ సాయంత్రం ఎంతకీ తరగలేదు. పాడైన మీట బాగు చెయ్యడానికి వెళ్ళాను, బాగైంది. అంతకుమించి మా చేతిలో ఏదీ లేదని ఆ ప్రయాణంలో తెలిసింది. పోరంకి దగ్గర ఉండబట్టలేక కెమెరా తీసి చెవికి ఆనించుకున్నాను. ఇంజను మోతలో ఆ రెండు పేర్లూ సన్నగా వినపడ్డాయి.

పక్కన కూర్చున్నావిడ వంగి చూసింది. "ఎవరండీ?"

"మా అన్నయ్యండీ."

"బాగా జలుబు చేసినట్టుంది పాపం. మిరియాల కషాయం ఇవ్వండి, రెండ్రోజుల్లో గొంతు మామూలైపోద్ది."

"అలాగేనండీ," అన్నాను.